తెర వెనక సాన

మార్చి 3, మంగళవారం

నేను సరదాకి తిరుగుతున్నానట.

అమ్మ పిన్నితో అలాగే చెప్పింది. డిగ్రీ అయ్యాక దానికి ఒకచోట కాలు నిలవడం లేదు, నాన్నతో బండెక్కి ఊళ్లు చూస్తోంది, చూడనీ, పెళ్లయ్యాక ఎలాగూ కుదరదుగా అని. ఆ మాటలు పిన్ని కూతురు నాకు మెసేజ్ పెట్టింది. కింద తన సొంత మాట: నీదే లైఫ్ అంటే, మోటార్‌హోమ్‌లో ఫుల్ ట్రావెల్, ఫోటోలు పెట్టవే తల్లీ అని.

మోటార్‌హోమ్! ఇది ఒకప్పుడు రొట్టెలు మోసిన వ్యాన్. నాన్న రెండు బల్లలు బిగించి పడకలు చేశాడు. మూడోది మడత మంచం, నాది. ఒక గ్యాస్ పొయ్యి, ఒక సింక్, దాని కింద ఒక బకెట్. మిగతా చోటంతా సాన చక్రానిది. నేలకి నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. పడుకుంటే నా పాదాలు దాని మోటారుకి తగులుతాయి. ఫోటో పెట్టాలంటే అదే పెట్టాలి.

ఊళ్లు చూస్తున్నానట. నేను చూసేది కత్తుల అంచులు.

మార్చి 5, గురువారం

ఎక్కడ ఏ రోజు సంతో అక్కడ ఆ రోజు మేము. ఎక్కడైనా పని ఒకలాగే జరుగుతుంది. నాన్న వ్యాన్ పక్క తలుపు ముందు స్టూల్ వేసుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ల కత్తి తీసుకుని, బొటనవేలి గోటి మీద ఆనించి, తల ఊపుతాడు. ఆ తల ఊపుడు కోసమే సగం మంది వస్తారు. తర్వాత కత్తితో తనే తెర లోపలికి వస్తాడు, పట్టేది తనే అనుకుంటారు బయటివాళ్లు. లోపల నేను. చక్రం మీద పట్టి, రాతి మీద నునుపు చేసి, తోలు మీద రుద్ది, తెర కింద నుంచి బయటికి తోస్తాను. అన్నయ్య దాన్ని గుడ్డతో తుడిచి, కాగితం కోసి చూపిస్తాడు. కాగితం కోయడంలో అన్నయ్యని మించినవాడు లేడు.

నాన్న కుడిచెయ్యి వణకడం మొదలై రెండేళ్లు. అప్పుడు నేను ఫైనలియర్. పరీక్షలయ్యాక సాయానికని ఎక్కాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న పని, చేతిలోకి ఎప్పుడు దిగిందో నాకే తెలియదు. పెద్దాయన చెయ్యి పోయిందని తెలిస్తే ఒక్కడూ రాడని అన్నయ్య తెర కట్టాడు. ఆడపిల్ల సాన పడుతోందంటే అసలే రారని నాన్న అన్నాడు. కొన్నాళ్లే కదా అని అమ్మ అంది.

సరే అని నేనూ అన్నాను. అది కూడా రాయాలి. నేనే అన్నాను.

ఇవాళ సెలూన్ ఆయన తన కత్తెర వేళ్లల్లో ఆడించుకుంటూ, ఏం పెద్దాయనా, ఒళ్లు ముసలిదవుతోంది గానీ నీ చెయ్యి మాత్రం కుర్రదవుతోందయ్యా, ఏం తినిపిస్తున్నావు దానికి అన్నాడు. అన్నయ్య పగలబడి నవ్వాడు. నాన్న చెయ్యిని తొడ కింద పెట్టుకున్నాడు. తెర సందులోంచి నాకు ఆ చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది.

మార్చి 7, శనివారం

శనివారం సంత మిగతావాటిలా కాదు. పైన రేకులు, కింద సిమెంటు, కరెంటు, నీళ్లు. వారమంతా తెరిచే ఉంటుంది. శనివారాలు మాత్రం మాలాంటి బయటి బళ్లని రానిస్తారు.

పక్కన బకెట్లు అమ్మే ఆవిడ చెప్పింది, తాళాలు బాగుచేసే ఆయన పని మానుకున్నాడు, ఆ మూల చోటు ఖాళీ, ఎవరైనా తన్నుకుపోకముందే అప్లికేషన్ పడెయ్యండర్రా అని. మా తెర సంగతి తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. నన్ను పిల్లా అంటుంది. రెండేళ్లలో ఒక్కసారి కూడా నోరు జారలేదు.

మూల చోటు అంటే రోడ్డున పడి తిరగడం ఉండదు. డీజిల్ వాసన ఉండదు. మనుషులు మనల్ని వెతుక్కుంటూ వస్తారు. నాన్న ఆ రేకుల వైపు చూసిన చూపు నేనెప్పుడూ చూడలేదు.

ఒకటే మెలిక. చోట్లు తీసుకుని అద్దెకిచ్చుకునేవాళ్లు ఎక్కువయ్యారట. అందుకని పని చేసే మనిషి పేరు మీదే ఇస్తారు. 21న సంత కమిటీ వాళ్లు వచ్చి, కళ్లెదుట పని చేయించి, అప్పుడు సంతకం పెడతారు.

నాన్న ఆలోచించను కూడా లేదు. అన్నయ్య పేరు రాయమన్నాడు. రాయాల్సింది నేనే, చదువుకున్నదాన్ని కదా. అనుభవం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. పదేళ్లు అని రాసెయ్ కలెక్టరమ్మా అన్నాడు అన్నయ్య. ఒకసారి పోటీ పరీక్ష రాసి తప్పాను. అప్పటి నుంచి ఇంట్లో నా పేరు అదే.

రాసేశాను.

మార్చి 8, ఆదివారం

నా చేతిరాతలో అన్నయ్య పేరు చాలా అందంగా ఉంది.

మార్చి 12, గురువారం

అన్నయ్య నాలుగు రోజులుగా ప్రాక్టీస్. రెండు పాత కత్తులు సగానికి సగం అరిగాయి, పదును మాత్రం రాలేదు. కత్తిని చక్రానికేసి నొక్కుతాడు. నొక్కకూడదు, ఆనించాలి. చెప్పాను. నీకు చేతనవుతున్నది నాకు కాదా అన్నాడు. నాన్న, వాడికి వస్తుందిలే, మగపిల్లాడు, కాస్త ఆలస్యంగా వస్తుంది అన్నాడు. పసివాడి పాలపళ్ల గురించి చెప్పినట్టు చెప్పాడు.

మార్చి 14, శనివారం. సాయంత్రం 5.20

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి నీళ్ల క్యాన్లు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. క్యూ. నలభై నిమిషాలు. ఆ సమయంలోనే ఒక టైలరమ్మ కత్తెర ఇచ్చింది. నాన్న టీకి వెళ్తూ దాన్ని తెర లోపల పెట్టాడు, నేను వచ్చి సాన పడతానని. అన్నయ్యకి చేతులు ఊరుకోలేదు. తనే పట్టేశాడు.

అది ఎడమచేతి కత్తెర. చూడగానే తెలుస్తుంది, రెక్కలు తిరగబడి ఉంటాయి. అన్నయ్య మామూలుదాన్ని పట్టినట్టే పట్టాడు. వాలు ఉండే బయటి వైపు వదిలేసి లోపలి ముఖం అరగదీశాడు. లోపలి ముఖం జోలికి వెళ్లకూడదు. అది పోతే రెక్కలు ఒకదాన్నొకటి ఆనుకోవు. గుడ్డని కోయవు, నములుతాయి. ఇక ఏం చేసినా అది తిరిగి రాదు.

నేను వచ్చేసరికి టైలరమ్మ తీసుకెళ్లిపోయింది కూడా. పదకొండింటికి మళ్లీ వచ్చింది. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో నమిలిన కోటు గుడ్డ. పందొమ్మిదేళ్ల నుంచి ఉంది ఈ కత్తెర నాతో, నా మొగుడు కూడా అన్నాళ్లు లేడు, ఎవడయ్యా దీన్ని చంపింది అంది. మూగినవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

నాన్న అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య నేల వైపు చూశాడు. అప్పుడు నాన్న తెర పక్కకి లాగాడు. ఈ రెండేళ్లలో మొదటిసారి.

తప్పయిపోయిందమ్మా, మా పిల్ల తెలియక చెయ్యి పెట్టింది, నేను టీకి వెళ్లొచ్చేలోపు ఈ పని చేసింది, చిన్నపిల్ల, వదిలెయ్యండి అన్నాడు.

అందరూ నన్ను చూశారు. మాంసం కొట్టు ఆయన, ఆడపిల్లలకి అందేలా పెడతావేంటి పెద్దాయనా, అవేమన్నా ఆటబొమ్మలా అన్నాడు. ఆయన చేతిలో ఉన్న కత్తికి పొద్దున ఏడున్నరకి పదును పెట్టింది నేను.

రెండేళ్లలో నేను పట్టిన వేల అంచుల్లో ఒక్కటీ నాది కాదు. నేను ముట్టుకోనిది ఒకే ఒక్కటి. అది నాది.

టైలరమ్మ నా మొహం చూడలేదు. చేతులు చూసింది. నా గోళ్లలో ఎప్పుడూ పోని నలుపు ఉంటుంది. తర్వాత అన్నయ్య చేతులు చూసింది. కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

నేను తెర మళ్లీ లాగేసుకున్నాను.

మార్చి 15, ఆదివారం

అమ్మ ఫోన్. నీ మీద వేసుకుంటే నీకేమైనా అరిగిపోతుందా, వాడి మీద పడితే చోటు పోదూ, నువ్వు ఎలాగూ రేపో మాపో ఒక ఇంటికి పోయేదానివి అంది.

అన్నయ్య ఐస్‌క్రీమ్ తెచ్చాడు. నేను ముట్టుకోలేదు. తనే తిన్నాడు.

అన్నం దగ్గర నాన్న తన గుడ్డు నా కంచంలో పెట్టాడు. తిన్నాను. ఆకలేసింది.

మార్చి 17, మంగళవారం

శనివారానికి ప్లాన్ తయారు.

కమిటీ వాళ్లు పరీక్షకి ఎప్పుడూ ఒకే రకం కత్తి తెస్తారట. చెక్క పిడి, రెండు ఇత్తడి మేకులు. అన్నయ్య అచ్చం అలాంటిదే కొని తెచ్చాడు. దానికి నేను ముందే పదును పెట్టి ఇవ్వాలి. తను వాళ్ల కత్తిని చక్రం మీద ఆనించి రెండు నిప్పురవ్వలు రేపి, గుడ్డతో తుడుస్తున్నట్టు తుడిచి, మార్చేస్తాడు. తర్వాత కాగితం కోస్తాడు. ఇంత బుర్ర చక్రం మీద పెట్టి ఉంటే ఈపాటికి పని వచ్చేది.

నువ్వు బయటికి కూడా రానక్కర్లేదు, లోపలే హాయిగా కూర్చో అన్నాడు. చాలా దయగా అన్నాడు. అదే తట్టుకోలేకపోయాను.

నాన్నని అడిగాను, నా పేరు ఎందుకు రాయించలేదని. నీ పేరా అన్నాడు. కోపంతో కాదు. నిజంగా అర్థంకాక.

మార్చి 19, గురువారం

ఆ టైలరమ్మ కొట్టు కనుక్కుని వెళ్లాను. బస్టాండ్ వెనక మెట్ల కింద ఇరుకు గది, రెండు మిషన్లు, గోడ నిండా కాగితం కొలతలు. అరువు తెచ్చుకున్న కుడిచేతి కత్తెరతో అవస్థ పడుతోంది. మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది.

మీ కత్తెర పాడుచేసింది నేను కాదు అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, తెలుసు అంది. ఆ అబ్బాయి చేతులు పెళ్లికొడుకు చేతుల్లా ఉన్నాయి, నీవి పని చేసే చేతులు, నేనేం గుడ్డిదాన్నా అంది.

ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. మరి ఆ రోజు నోట్లో ఏం పెట్టుకున్నావ్ అంది. తెలిసీ తెర వెనక కూర్చున్నదానివి, నీకు జరిగిందానిలో సగం నువ్వు చేసుకున్నదే, నా దగ్గర జాలి లేదు, కుట్టాల్సిన కోట్లు ఉన్నాయి, పో అంది.

దారి పొడుగునా ఆవిడని తిట్టుకున్నాను. బస్సు దిగేసరికి తిట్లు అయిపోయాయి.

మార్చి 20, శుక్రవారం. ఉదయం 11

సంత ఆఫీసు. అప్లికేషన్‌లో పేరు మార్చాలన్నాను. గుమస్తా కళ్లజోడు పైకి తోసుకుని, అన్నకి ఏమైంది అన్నాడు. ఏమీ కాలేదు, పని రాదు అన్నాను. ఆడపిల్లవి, చక్రం తిప్పగలవా అన్నాడు. చక్రాన్ని కరెంటు తిప్పుతుంది సార్, నేను కత్తి పడతాను అన్నాను. నవ్వాడు. కొట్టివేత పక్కన సంతకం పెట్టమన్నాడు.

అన్నయ్య పేరు మీద ఒక గీత. పైన నా పేరు. చేతిరాత అంత బాగా రాలేదు. తొందరలో రాశాను.

బకెట్లావిడ గోడౌన్ పైన గది ఉంది. అడిగాను. పాత బకెట్లు సర్దుకుంటే మనిషి పడుకోవచ్చంది. మీ నాన్నకి చెప్పావా పిల్లా అంది.

సాయంత్రం 4

చెప్పాను. అన్నయ్య నన్ను చాలా మాటలు అన్నాడు. ఇక్కడ రాయను, అవి తనవి. నాన్న, మనది మనం బజారున పడేసుకుంటామా అన్నాడు. శనివారమే పడేశావు నాన్నా, నన్ను అన్నాను.

అన్నయ్య కొన్న కత్తి బల్ల మీద ఉంది. పదును పెట్టలేదు.

మార్చి 21, శనివారం. మధ్యాహ్నం 1.30

కమిటీ వాళ్లు ముగ్గురు. వాళ్ల కత్తికి నాకు ఆరు నిమిషాలు పట్టింది. సంతకం అయింది.

చక్రం బోల్టులు విప్పి దింపుకున్నాను. అన్నయ్య అడ్డు రాలేదు, సాయం పట్టలేదు. నాన్న స్టూల్ మీద కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. నా మూలలో ఇంకో స్టూల్‌కి చోటుంది. నేను పిలవలేదు.

బండి రెండింటికి బయల్దేరుతుందట. నేను ఎక్కను.