ఎర్ర ట్రక్కు తలుపు

ఆదివారం, అమీర్‌పేట

పాతకాలపు బండిలా కనిపించేలా అన్న సొంతంగా తయారుచేసిన పికప్ ట్రక్కు ఈరోజు అమ్ముడుపోయింది. కొన్నది నా వయసు అమ్మాయే. ఆ ఎర్ర రంగు ఎంచింది నేను. అయినా నేను స్టీరింగ్ ముట్టుకుంటే చాలు, "నీతోని కాదు, దిగు" అనేవాడు. ఆమెకేమో బల్కంపేట గుడి ముందు టైర్ల కింద నిమ్మకాయలు తనే పెట్టి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, జర మెల్లగ పోనియ్యుండ్రి" అన్నాడు. నిమ్మకాయలు చితికాయి. నాకు ఒళ్లు మండింది.

డ్రైవర్ తలుపు బయటినుంచైనా లోపలినుంచైనా కాస్త పైకెత్తితేనే తెరుచుకుంటుంది. అలవాటుగా అన్నే తెరిచి ఆమెను ఎక్కించాడు, ఆ సంగతి చెప్పడం మరిచాడు. నేను కావాలనే చెప్పలేదు. పంజాగుట్టలో ఇల్లు చేరాక దిగలేక ఫోన్ చేస్తుందని సాయంత్రమంతా ఎదురుచూశాను.

చేసింది. "డోర్ ఎంత స్మూత్‌గా తెరుచుకుంటుందో భయ్యా!" అందట.

నాకు ఒక్కసారి కూడా అలా తెరుచుకోలేదు.