కొలతల యాప్, కల్పన షరతు

నవంబర్ 3, సోమవారం. ఉదయం 6.10

లేచాను! టీ కూడా తాగకుండా డైరీ తెరిచాను! మొదలుపెట్టి వదిలేసిన సొంత ప్రాజెక్టులు ఇప్పటికి పదకొండు. పన్నెండోది పూర్తి చేసి తీరతాను. మా ఆవిడ కల్పన బ్లౌజులు కుడుతుంది. ఆమె కస్టమర్ల కొలతలన్నీ దాచిపెట్టే యాప్. గడువు ఇరవయ్యో తేదీ.

కల్పన షరతు: "ఇరవై దాంక జూస్త. గాకపోతే నీ టేబుల్ నాకు. రెండో మిషిని ఏసుకుంట."

నేను ఇంటి నుంచి చేసే పూణె కంపెనీ పని కూడా ఆ టేబుల్ మీదే. అది పోతే ఇంట్లో నాకు కూర్చోవడానికి చోటు లేదు. అయినా నవ్వేసి ఒప్పుకున్నాను.

నవంబర్ 5. ఉదయం 7.00

ముందు ఆర్కిటెక్చర్! మెడ కొలతకు ఒక సర్వీసు, అంటే విడిగా నడిచే చిన్న ప్రోగ్రాం, చేతులకు ఒకటి, నడుముకు ఒకటి. ఒకటి పడిపోయినా మిగతావి నడుస్తాయి. పది లక్షల మంది ఒకేసారి బ్లౌజులు కుట్టించుకున్నా తట్టుకుంటుంది.

కల్పన కస్టమర్లు నలభై ముగ్గురు.

నవంబర్ 8. ఉదయం 9.40 (చలి)

గోడ నిండా డిజైన్ గీశాను. పెట్టెలు, బాణాలు. రైల్వేలో గార్డుగా రిటైరైన మా నాయిన చాలాసేపు చూశారు.

"స్టేషన్ మంచిగనే కట్టినవ్ బిడ్డా. రైలేది?"

ఆయనకు ఆర్కిటెక్చర్ తెలియదు.

నవంబర్ 12. మధ్యాహ్నం

చేసినవి: లోగో (నాలుగు రకాలు). డార్క్ మోడ్. ఫోల్డర్లకు పేర్లు, మళ్ళీ కొత్త పేర్లు.

చేయనిది: యాప్.

చేతుల సర్వీసు మెడ సర్వీసుతో మాట్లాడటం లేదు. మధ్యవర్తిగా ఇంకొకటి పెట్టాను. ఇప్పుడు ఆ మూడూ మాట్లాడుకోవటం లేదు.

నవంబర్ 15

తప్పు నాది కాదు, ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ది. మొత్తం వేరేదాంట్లో మళ్ళీ రాస్తున్నాను. సోమ, మంగళవారాలకు ఆఫీసుకు జ్వరం అని చెప్పాను.

నవంబర్ 18. ఉదయం 11.30

పనిచేసింది!! లాప్‌టాప్ ఎత్తుకుని కల్పన దగ్గరికి పరుగు. దెగ్లూర్ నుంచి జనాబాయి అప్పుడే వచ్చి కూర్చుంది. యాప్‌కు మొదటి కస్టమర్!

"చెప్పండి మౌసీ, మెడ ఎన్ని అంగుళాలు?"

ఆమె సంచిలోంచి పాత జాకెట్టు తీసి కల్పన ఒళ్ళో పడేసింది. "గిదే ఆది, దీని లెక్కనే కుట్టు. సంకకాడ జరంత వదులుంచు పోరీ."

"మరి కొలతలు?"

"అందరు ఆది జాకెట్టే ఇస్తరు," అంది కల్పన. "బట్ట మీద పరిచి కత్తిరిస్త. అంకెలు ఎక్కడియి?"

"ముందే చెప్పొద్దా!"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. పెళ్ళయి ఏడేళ్ళు. పక్కగదిలోనే కుడుతుంది. ఒక్కసారీ నిలబడి చూడలేదు. నిజంగా సిగ్గేసింది.

నవంబర్ 20

ఉమ్రి నుంచి రెండో మిషను దిగింది. నా టేబుల్ మీదే పెట్టారు. నాయిన కూడా ఒక చెయ్యి వేశారు. కల్పన ఒక్కో ఆది జాకెట్టుకు పేరు, తేదీ రాసిన చీటీ పిన్నుతో గుచ్చింది. నలభై మూడూ పావుగంటలో అయిపోయాయి.

నవంబర్ 21. ఉదయం 6.05

లేచాను! మంచం మీద నేను, నా ఒళ్ళో తలగడ, దానిమీద లాప్‌టాప్. పదమూడో ప్రాజెక్టు! ఈసారి చాలా చిన్నది. జాకెట్టు ఫోటో, పేరు, తేదీ. అంతే! గడువు డిసెంబర్ 10.

కల్పనకు చెప్పాను. వచ్చి మంచాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా జానలతో కొలిచింది.

"కటింగు బల్లకు మంచిగ సరిపోతది," అంది. "పది దాంక జూస్త."