కాన్పుల వార్డు మిషన్

మంగళవారం, 2006

ఐసీయూలో గాజుల దుకాణం ఖాజా భాయ్‌కి బీపీ నిలవడం లేదు. ఇంకా సెలైన్ ఎక్కించాలో వద్దో తేల్చుకోవడానికి కాన్పుల వార్డు నుంచి అల్ట్రాసౌండ్ మిషన్ తెప్పించాను. ఆయన భార్య ఏడుపులోనే నవ్వింది.

"బచ్చాను జూసే మిషన్ గదా మేడం, ఈయనకెందుకు?"

మిషన్ తెర మీద గుండెకు వెళ్లే పెద్ద రక్తనాళం నిండుగా కనిపించింది. ఊపిరితిత్తుల్లోనూ నీరు. సెలైన్ ఆపించాను.

"బంద్ జేసిన్రు... ఇగ ఆశ లేదా?"

"ఇంకా ఎక్కిస్తే ఊపిరాడదమ్మా. వేరే మందు పెడుతున్నా."

సాయంత్రానికి బీపీ నిలబడింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీకెంతమంది పిల్లలు?" అంది.

బీపీ చూసే నెపంతో చెయ్యి విడిపించుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఇది రాస్తున్నాను. పోయినేడు ఇదే మిషన్ పక్కన నేను పడుకున్నాను. నా కడుపులో బిడ్డ గుండె ఆగిందని ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, ఆ తెర చదవడం నాకు వచ్చు.