కాలువ మీద తెల్ల వంతెన

శుక్రవారం

కాలువ మీద కొత్త కాలినడక వంతెన ఇవాళ తెరిచారు. ఎంత బాగుందో! తెల్లగా, పల్లకీ బొంగులా వంపు తిరిగి ఉంది. నీళ్లల్లో నీడ పడితే ఇంకో వంతెన ఉన్నట్టే ఉంది. పక్కింటి సూర్యకాంతం మాత్రం, "ఆ మూపురం ఏంటండీ, ఎద్దు పడుకున్నట్టు" అంది. ఆవిడకి ఏదీ ఓ పట్టాన నచ్చదు.

నా భయమల్లా మోకాళ్లతోనే. అవతల గట్టున మా వదిన ఉంది. కాలువ దాటడానికి అడ్డంగా వేసిన పాత తాటిపట్టె కుళ్లిపోయినప్పటినుంచీ నేను అటు వెళ్లలేదు, ఆవిడ ఇటు రాలేదు. ఇవాళ ఎక్కకపోతే ఇంకెప్పటికీ ఎక్కలేనేమో అని పొద్దుటినుంచీ ఒకటే గుబులు.

పసుపు రాసి బొట్టు పెట్టకుండా కొత్తదాని మీద కాలెలా పెడతాం? కమ్మీకి రాశాను. రంగు ఇంకా ఆరలేదు, పసుపు అంటుకుపోయింది. రంగులేసే అతను, "ఏంటి మామ్మగారూ, తెల్లదాన్ని పచ్చగా చేసేశారు!" అని తల పట్టుకున్నాడు. ఇంజినీరు గారు చూస్తే ఏమంటారో...

అవతలనుంచి వదిన, "దానికి పెళ్లి చేస్తూ కూర్చుంటావా, వస్తావా?" అని కేకేసింది. సూర్యకాంతం చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కాను. వదినా వచ్చింది. మధ్యలో పక్కపక్కనే నిలబడి కూడా ఇద్దరం అరుచుకుంటున్నాం. ఇన్నాళ్లూ గట్టు మీంచి గట్టు మీదికి మాట్లాడుకున్న అలవాటు. అందరూ ఒకటే నవ్వు.

అప్పుడు వదిన గొంతు తగ్గించి, "చిక్కిపోయావే" అంది. ఇన్నాళ్లూ అంత దూరంనుంచి ఆవిడకి ఎలా తెలుస్తుంది, పాపం.

ఆవిడా చిక్కిపోయింది. నేను అనలేదు.