గంట తాడు

జిల్లా బోర్డు మెంబరు గారికి, ఏటి ఒడ్డు చర్చి ఉపదేశి వందనములతో వ్రాయునది.

“బడి మీద జెండా దించకుంటే ఊరు కాలుస్తాం” అని ఏటి అవతలి ముఠా మా చర్చి తలుపుకు అంటించిన కాగితం తమరి చేతికే తెచ్చి ఇచ్చాను. తమరు దానితో చుట్ట అంటించుకున్నారు. “కాగితానికే భయపడితే ఎట్లప్పా? గంట కొట్టి జనాన్ని బెదరగొట్టాకు” అని గంట తాడు కూడా విప్పించి పట్టుకుపోయారు.

మంగళవారం పట్టపగలే వాళ్లు వచ్చి గుడిసెలకు నిప్పు పెట్టారు. మగవాళ్లంతా దూరాన చేలల్లో వేరుశనగ పీకుతున్నారు. ఆపద వస్తే ఆగకుండా గంట కొట్టడం, చేలల్లోని వాళ్లు పరుగెత్తుకు రావడం మా ఊరి అలవాటు. అందని ఎత్తులో ఉన్న గంట కింద నిలబడి గొంతు చించుకున్నాను. ఎవరికీ వినబడలేదు.

“గంట కొట్టండి అయ్యగారూ, ఏం చూస్తాండారు?” అని ముసలి జీవమ్మ తన గుడిసెలోంచి అరిచింది. ఆ గుడిసెలోనే కాలిపోయింది.

మరునాడే తమరి బంట్రోతు వచ్చాడు. ఆదివారం తమరు సంతాపసభకు దయచేస్తారట, జనం పోగవడానికి గంట కొట్టాలట. మా తాడు మాకిచ్చి పోయాడు.

ఆ తాడుతో జీవమ్మ పెట్టెను గోతిలోకి దించాము. తాడును గోతిలోనే వదిలేశాము. ఆదివారం జనాన్ని తమరే కేకవేసి పిలుచుకోండి. మనిషి గొంతు ఎంత దూరం వినబడుతుందో తమరికీ తెలుస్తుంది.