పక్క మందలోది

నాయనకు,

ఫోన్లో చెబితే సగంలోనే “పోనీలే పాపా” అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చెల్లి రజిత చేత చదివించుకో.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నా ఫొటోతో నువ్వు కట్టించిన ఫ్లెక్సీ దించెయ్యాలి. దాని మీద నేను కనిపెట్టానని వేయించింది తప్పు. నక్షత్రాలు కుప్పలుగా పుట్టి, తొందరగా పేలిపోయే ఒక గెలాక్సీ నుంచి గామా కిరణాలు వస్తున్నాయని రాశాను. ఆరేళ్ల రికార్డంతా వెతికితే దొరికిన కిరణాలే వంద చిల్లర. అలాంటి గెలాక్సీ నుంచి అవి ఏళ్ల తరబడి ఒకే తీరుగా రావాలి. మొన్న నెలవారీగా విడదీసి చూస్తే, కొన్ని నెలలు ఎగసి మళ్ళీ పడిపోయాయి. అవి అదే దిక్కున, దాని వెనకాల ఉన్న వేరే గెలాక్సీవి.

చిన్నప్పుడు మర్రిపాడు మలుపులో మన మందలోంచి ఒక్క గొర్రె పక్క దారికి తిరిగింది, గుర్తుందా? అప్పటికే దాన్ని మనదిగా లెక్కేసి మురిసిపోయి ఉన్నాను. “అది పక్క మంద మస్తానయ్యది పాపా. దాని దారి దానికి తెలుసు, చూడు. పా, ఇచ్చేసి వద్దాం” అన్నావు. ఎండలో రెండు మైళ్లు నడిచాం.

నిన్న మా సారుకు నేనే చెప్పాను. అచ్చయిన వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం. ఆయన కోప్పడలేదు.

ఫ్లెక్సీ పారెయ్యకు. వానలొస్తున్నాయి, గొర్రెల దొడ్డి మీద కప్పు. నా మొహం లోపలి వైపుకి ఉండనీ. సాయంత్రం నువ్వు జీవాలను లెక్కబెట్టేటప్పుడు నేనూ చూస్తాను.

నీ పెద్దపాప