అక్క ఆఖరి ట్రిప్పు, నా నాలుగు వందల కెమెరాలు

మార్చి 1, ఉదయం 6:10
ఈ నెల 31న అక్క రిటైరవుతోంది. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపింది.
"ఆఖరి రోజు నా బస్సు ముందు నన్నొక ఫొటో తియ్యరా. ఫోన్‌తో వద్దు. లాగితే తోలు తిత్తి సాగుతుందే, మడిచి జేబులో పెట్టుకుంటారే, ఆ పాత కెమెరాతో" అంది. డ్యూటీలో చేరిన రోజు అలాంటిదాంతోనే తీశారట. ఆ ఫొటో వానకు తడిసిపోయింది.
తీద్దాం! కానీ కంటికి కనిపించిందల్లా కొనేసే రకం కాదు నేను. మడత కెమెరాలన్నీ ఒక డేటాబేస్‌లోకి ఎక్కిస్తాను. కావలసిన లక్షణాలు కొడితే సరైనది దానంతటదే బయటికొస్తుంది. ఆసుపత్రిలో పాత కేసు షీట్లు వెతికిపెట్టడమే నా ఉద్యోగం. నాకు చేతకాక ఇంకెవరికి చేతనవుతుంది?
కాలమ్‌లు ఐదే. వారంలో పూర్తి!

మార్చి 4, మధ్యాహ్నం 1:15
భోజనం మానేసి కూర్చున్నాను. 62 కెమెరాలు. కాలమ్‌లు పద్నాలుగు.
"తోలు రంగు దేనికండీ?" అంది మా ఆవిడ.
అడగడానికేం, ఎవరైనా అడుగుతారు.

మార్చి 9, సాయంత్రం 6:00
వివరాల కోసం కెమెరాలు బాగుచేసే పెద్దాయన షాపుకి వెళ్లాను. బల్ల మీద మూడు మడత కెమెరాలు పెట్టాడు.
"చేత్తో పట్టుకు చూడండి సార్. నచ్చింది తీసుకెళ్లండి."
"డేటాబేస్ ఇంకా పూర్తి కాలేదండీ."
"పూర్తయితే అది ఫొటో తీస్తుందా?"
పాపం, పాతకాలం మనిషి. మూడింటి వివరాలూ రాసుకుని, కెమెరాలు అక్కడే వదిలేసి వచ్చాను.

మార్చి 17, ఉదయం 7:00
సెర్చ్ మొదటి పరీక్ష! "తిత్తికి చిల్లు లేనిది" అని కొట్టాను. వచ్చినవి: సున్నా. కొన్నిచోట్ల తిత్తి అని, కొన్నిచోట్ల సంచి అని, ఇంకొన్నిచోట్ల ఉత్త "తోలుది" అని రాశాను.
"చిల్లు" అని మాత్రమే కొట్టాను. 318! "చిల్లు లేదు" అన్నవన్నీ అందులోనే.
తప్పు నాది కాదు. భాషది.

మార్చి 23
పని జరగలేదు. జలుబు. నిన్నా జలుబే. మొన్న టీవీలో మ్యాచ్.

మార్చి 28, సాయంత్రం 5:40
అక్క ఫోన్.
"కెమెరా దొరికిందా?"
"నాలుగు వందల పన్నెండు దొరికాయక్కా."
"నాకొకటి చాలురా."
యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చిందట. ఆఖరి ట్రిప్పు సాయంత్రం 5:20కి, మార్కెట్ స్టాపు నుంచి.

మార్చి 31
4:05: సెర్చ్ పనిచేసింది!! మూడే మిగిలాయి!
4:07: ఆ మూడూ పెద్దాయన బల్ల మీద చూసినవే.
4:10: మూడింట్లో ఒకటి తేల్చడానికి ఇంకో కాలమ్. పది నిమిషాల పని.
5:16: అయ్యో.
5:45: స్టాపులో ఎవరూ లేరు.
7:30: అక్క ఇంటికి వెళ్లాను. యూనిఫాంలోనే మెట్ల మీద కూర్చుని ఉంది.
"నీకోసం ఎనిమిది నిమిషాలు బండి ఆపానురా. జనం నోటికొచ్చినట్టు తిట్టారు. ముప్పై ఏళ్లలో నా పేరు మీద ఒక్క లేటు లేదు. ఇవాళ పడింది."
412 కెమెరాలు దొరికాయని చెప్పనా?

ఏప్రిల్ 1
ఆసుపత్రికి సెలవు పెట్టాను. పెద్దాయన షాపు తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. చేతికి ముందు తగిలిన కెమెరా తీసుకున్నాను. కంపెనీ పేరు కూడా చూడలేదు.
గంటసేపు బతిమాలితే అక్క మళ్లీ యూనిఫాం వేసుకుంది. స్టాపుకి తీసుకెళ్లాను. ఆమె బస్సే వచ్చింది, కొత్త డ్రైవరు చిన్న అమ్మాయి. అక్కని చూసి, పరుగున దిగి, "ఒక్కసారి కూర్చోండి మేడమ్" అని తన సీటు చూపించింది.
"వద్దమ్మా, ఇప్పుడది నీది" అంది అక్క. బస్సు ముందు నిలబడి నా వైపు తిరిగింది. "త్వరగా కానీరా. ఈ పిల్లకి లేటు పడుతుంది!"
ఒక్కసారే నొక్కాను.

ఏప్రిల్ 6
ఫొటో వచ్చింది. ఫోకస్ తప్పింది. అక్క మసక మసక, వెనక బస్సు మాత్రం కడిగిన అద్దంలా ఉంది. ఇక తిట్లే అనుకున్నాను. అక్క చాలాసేపు చూసింది.
"ఇన్నేళ్లూ లోపలే కూర్చున్నాను కదరా. బయటినుంచి ఇంత బాగుంటుందా ఇది!"
కళ్లు తుడుచుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఏప్రిల్ 7
6:00: డేటాబేస్ మొత్తం తుడిచేశాను. కొత్త జీవితం! ఇక ఒకే కెమెరా, ఒకే చిన్న పట్టిక. ఎవరిని తీశాను, ఎప్పుడు తీశాను. రెండే కాలమ్‌లు.
6:20: దూరం కూడా రాయాలి కదా. మూడు.
7:00: పదకొండు.
7:10: అక్క ఫోన్. "నాతో రిటైరైన డ్రైవర్లు ముగ్గురు తమకూ తియ్యమంటున్నారు. డిపో దగ్గరున్నాం. ఎప్పుడొస్తావు?"
"పట్టిక కాగానే..." అనబోయి నాలుక కరుచుకున్నాను. కెమెరా పట్టుకుని బయలుదేరుతున్నాను.
పట్టిక సాయంత్రం నుంచి. వారంలో పూర్తి!